డిక్కీ ఖాళీ చేసి రావలెను

మా వదిన నోట్లోంచి మాట రావాలంటే ఏదో ఒక ఇంజనుకి ఒంట్లో బాగోకపోవాలి. మనుషులతో ఆవిడ మాట్లాడేది తక్కువ. "ఊఁ", "సరే", "సాయంత్రం రండి" అనే మూడు ముక్కలతో పదేళ్ళుగా వ్యాపారం నెట్టుకొస్తోంది. మిగిలిన మాటలన్నీ నా వాటాకొచ్చాయి. షెడ్డు గేటు దగ్గర ఒక బల్ల, బల్ల మీద కాగితాలు, కాగితాల వెనక నేను. వచ్చినవాళ్ళని పలకరించేదీ నేనే, కసిరేదీ నేనే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఉంటే ఉంది, ఆయన ముక్కు మీద కాదుగా.

పెట్రోలు కార్లకి గ్యాస్ కిట్టు బిగించడం మా వదిన పని. ఈ చుట్టుపక్కల నాలుగు పేటల్లో గ్యాస్ మీద తిరిగే టాక్సీల్లో సగం ఆవిడ చేతిలో పడి వెళ్ళినవే. కానీ షెడ్డు పుట్టింది మాత్రం మా అన్నయ్య పేరు మీద. అన్నయ్య పెట్రోలు బండ్ల మెకానిక్కు. ఒకప్పుడు షెడ్డు ముందు కార్లు బారులు తీరేవి. ఊళ్ళోకి గ్యాస్ బంకులు వచ్చాక ఆ బారు కాస్తా కరిగిపోయింది. అయినా అన్నయ్య పట్టు వదల్లేదు. కారన్నాక పెట్రోలు తాగాలనీ, గ్యాసనేది వంటింటి సరుకనీ, వచ్చిన ఒకళ్ళిద్దరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చేవాడు. వాళ్ళు బుద్ధిగా విని, బయటికెళ్ళి ఇంకో షెడ్డులో గ్యాస్ పెట్టించుకునేవాళ్ళు.

అలాంటి రోజుల్లో కిట్లు తయారుచేసే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మూడు నెలలు శిక్షణ ఇస్తారట, షెడ్డుకి ఒకరిని పంపమన్నారు. అన్నయ్య ఆ కాగితాన్ని వదిన ముందు పడేసి, గ్యాస్ సంగతి నీకే బాగా తెలుసుగా, నువ్వే వెళ్ళు అని వెటకారమాడాడు. వదిన "సరే" అంది. ఆ సరేని మేమెవరం చెవిన పెట్టలేదు. సోమవారం పొద్దున చూస్తే ఆవిడ చేతిసంచి భుజానికి తగిలించుకుని చెప్పులు వేసుకుంటోంది. అన్నయ్య నోట్లో పళ్ళు తోముకునే బ్రష్షు అలాగే ఉండిపోయింది.

ముప్ఫైమంది మగవాళ్ళ మధ్య ఒక్కతే కూర్చుని నేర్చుకుని వచ్చింది. వచ్చాక మొదట కిట్టు బిగించింది ఎవరి కారుకనుకున్నారు? అన్నయ్య కారుకే. అన్నయ్య రెండు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి స్టీరింగ్ పక్కన పెట్రోలు నుంచి గ్యాసుకి మార్చే కొత్త మీట ఒకటి వెలసింది. వారం రోజులు అలిగాడు. ఆ కారు మొహం చూడలేదు, అందరూ చూసేలా నడిచే తిరిగాడు. ఎనిమిదో రోజు కుండపోతగా వాన. తడిసి ముద్దయి వాకిట్లో నిలబడి, ఎటో చూస్తూ, ఆ మీట ఎటు నొక్కాలని అడిగాడు. వదిన చూపించింది. అంతే, ఇంట్లో ఆ విషయం మీద మళ్ళీ చర్చ లేదు. ఇప్పుడు అన్నయ్య అదే షెడ్డులో టైర్లు, సొట్టలు చూసుకుంటున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని పెట్రోలాయన అంటారు. ఆయనకీ ఆ పేరంటే లోలోపల ఇష్టమే.

వదిన పని చేస్తుంటే చూడాలి. ముందు గేజి పెట్టి ఇంజనుకి ఊపిరి ఎంతుందో చూస్తుంది. ముసలిదై ఊపిరాడని ఇంజనైతే, ఎంత బతిమాలినా తల అడ్డంగా ఊపేస్తుంది. ఒప్పుకుందా, ఇక డిక్కీలో ఇనప స్టాండు బిగించి, దాని మీద సిలిండరు పడుకోబెట్టి, రబ్బరు వేసిన ఉక్కు పట్టీలతో కదలకుండా కట్టేస్తుంది. అక్కణ్ణించి సన్నటి ఉక్కు గొట్టం కారు కింద నుంచి బానెట్ దాకా వెళ్తుంది. టైర్లో గాలి కంటే దాదాపు వంద రెట్ల ఒత్తిడితో ఉంటుంది సిలిండర్లో గ్యాసు. దాన్ని ఇంజను తట్టుకునేంతకి దించడానికి బానెట్ కింద ఒక డబ్బా పెడుతుంది. అన్నీ అయ్యాక గిన్నెలో సబ్బు నురుగు కలుపుకుని, ప్రతి అతుకుకీ బ్రష్షుతో పూసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని రెప్ప వేయకుండా చూస్తుంది. ఆ సమయంలో పిలిచినవాళ్ళకి తిట్లు తప్పవు. తిట్లంటే మరేం లేదు, అదే "ఊఁ" కాస్త గట్టిగా.

ఇక బోర్డు సంగతి. గ్యాస్ పని మొదలైన తొలి ఏడాదే ఒక పెద్దమనిషి కారు తీసుకెళ్ళిన గంటకి తిరిగొచ్చి, డిక్కీలో ఉన్న తన గొడుగు, కొత్త బూట్లు మాయమయ్యాయని షెడ్డు మధ్యలో నిలబడి నానా రభస చేశాడు. వదిన నోరు విప్పలేదు. నేను ఊరుకుంటానా, ఒంటికాలి మీద లేచాను. ఆ గొడుగూ బూట్లూ చివరికి వాళ్ళింట్లోనే మంచం కింద దొరికాయట. ఆ ముక్క వచ్చి చెప్పిన పాపాన కూడా పోలేదాయన. మర్నాడే నేను ఒక రేకు మీద ఎర్ర రంగుతో 'డిక్కీ ఖాళీ చేసి రావలెను' అని రాయించి గేటుకి తగిలించాను. వదిన చదివి "సరే" అంది.

అప్పట్నుంచి డిక్కీలో చీపురుపుల్ల ఉన్నా సరే, గేటు దాటనిచ్చేదాన్ని కాదు. అందువల్ల జరిగిందేమిటంటే, మా వదిన ఇన్నేళ్ళలో కొన్ని వందల డిక్కీలు చూసింది, అన్నీ ఖాళీవే. ఖాళీ చోటు చూస్తే అందులో పట్టే అతి పెద్ద సిలిండరు ముచ్చటగా అమర్చడం ఆవిడకి అలవాటైపోయింది. ఆ డిక్కీలో ఆ మనుషులు రోజూ ఏం మోసుకుపోతారో ఆవిడకి తెలిసే దారే లేదు. అదొక లోటని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఈమధ్య టాక్సీలన్నీ నెలాఖరుకల్లా గ్యాస్‌కి మారాలని రవాణా ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంకేముంది, షెడ్డు ముందు తొక్కిసలాట. నాకు భోజనానికి లేవడానికి కూడా తీరిక లేదు. ఆ రద్దీలో ఒక శనివారం పొద్దున నిదానం వచ్చాడు. ఆ పేరు నేను పెట్టిందే. ఆయన టాక్సీ నడిపితే పక్కనుంచి సైకిళ్ళు కూడా దాటిపోతాయి. మాట కూడా అంతే, ఒక వాక్యం పూర్తిచేసేలోపు మనం ఒక పని ముగించుకు రావచ్చు.

కారు గేట్లోకి ముక్కు పెట్టగానే నేను లేచి తిన్నగా వెనక్కి వెళ్ళి డిక్కీ తెరవమన్నాను. లోపల దుప్పటి కప్పిన పెద్ద సామానేదో ఉంది. బోర్డు చూడలేదా అని అడిగాను. చూశానండి అన్నాడు. మరి ఇదేమిటన్నాను. "అది రోజూ ఉండేదేనండీ" అన్నాడు నిదానంగా. ఇంకా ఏదో చెప్పబోయాడు. వెనక నాలుగు కార్లు హారన్లు కొడుతున్నాయి. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "రోజూ ఉండేదైనా, పండక్కొకసారి ఉండేదైనా, అది తీసేస్తేనే లోపలికి. తర్వాత" అని చెయ్యి ఊపేశాను. ఆయన కారు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. గంటన్నరలో మళ్ళీ వచ్చాడు, డిక్కీ నున్నగా తుడిచి మరీ.

సోమవారం సాయంత్రానికి పని అయిపోయింది. వదిన ఆ డిక్కీలో అడ్డంగా అరవై లీటర్ల సిలిండరు కూర్చోబెట్టింది. ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు సందు, అంత కచ్చితంగా. నిదానం డిక్కీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. బాగుందా అని నేనే అడిగాను. "బాగుందండీ" అన్నాడు. మనిషి తీరే అంత అనుకున్నాను.

గురువారం పొద్దున ఎనిమిది దాటింది. గేటు ముందు అదే టాక్సీ. డిక్కీ మూత పైకి లేచి ఉంది, మూతకీ బంపరుకీ మధ్య తాడు వేలాడుతోంది. నిదానం కారు దిగాడు. చేతిలో మడిచిన చక్రాల కుర్చీ, దాని ముందు చక్రం ఒకటి పక్కకి వంగిపోయి ఉంది. ముందు సీట్లో ఒకావిడ కూర్చుని ఉంది. చక్కగా తల దువ్వుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని, చేతి గడియారం చూసుకుంటోంది.

వదిన నురుగు బ్రష్షు కింద పెట్టి వచ్చింది. ఆయన చెప్పింది ఇదీ. ఆవిడ ఆయన భార్య. కుట్టు శిక్షణ కేంద్రంలో గుడ్డ కత్తిరించడం నేర్పే టీచరు. ఇంకా ప్రొబేషన్ మీద ఉన్న ఉద్యోగం, ఈ నెల గడిస్తే ఖాయం చేస్తారు. ఈ నెలలో మూడు రోజులు రాకపోతే మాత్రం ఇంకొకరిని తీసుకుంటామని ముందే చెప్పారు. సోమవారం దాకా కేంద్రానికి సెలవులు. మంగళవారం కుర్చీ ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయారు. బుధవారం వెనక సీట్లో దూర్చబోతే తలుపులో పట్టలేదు. ఇవాళ సగం బయటికి వేలాడేసి తాడుతో కడితే, మలుపులో తాడు తెగి కుర్చీ రోడ్డు మీద పడింది. తొమ్మిదింటికి క్లాసు. రెండు రోజులు ఇప్పటికే పోయాయి.

"సిలిండరు డిక్కీలో పెడతామని చెప్పలేదా మీకు?" వదిన అడిగింది.

"చెప్పారండీ. ఖాళీ చేసి రమ్మన్నారు కదా, ఇక అడగడానికి ఏముందిలే అనుకున్నాను."

"మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీ డిక్కీలోనే ఉందా?"

ఆ దుప్పటి కింద ఏముందో అప్పుడు అర్థమైంది నాకు. నిదానం ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత చూపు దించుకుని, "గుర్తు లేదండీ" అన్నాడు.

నేను నోరు తెరవాల్సింది. వీధి చివరిదాకా వినిపించే నా నోరు ఆ పూట మూతపడిపోయింది. వదిన మాత్రం, అడగకపోవడం తన తప్పేనని ఆయనకి చెప్పింది. అంతలో పెట్రోలాయన వచ్చి, కుర్చీ చక్రం చేతిలోకి తీసుకుని, నాలుగు దెబ్బలు వేసి, గిరగిర తిప్పి చూసి, వెళ్ళండి ఇక అన్నాడు. వదిన సామాన్ల వ్యాను తాళంచెవి నా చేతిలో పెట్టి, దింపి రా అంది.

తొమ్మిదికి మూడు నిమిషాలు ఉందనగా టీచరమ్మని క్లాసు గుమ్మంలో దింపాను. దారిలో నేను బ్రేకు వేసినప్పుడల్లా ఆవిడ ముందుకి జారిపోయి రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుంది. నడుము కింద పట్టు లేని మనిషికి బ్రేకు అంటే ఏమిటో నాకేం తెలుసు? నాలుగోసారి బ్రేకు వేశాక తెలిసింది, వాళ్ళాయన అంత నిదానంగా ఎందుకు నడుపుతాడో. నిదానం అని పేరు పెట్టి నవ్వుకున్న దాన్ని నేనే.

సాయంత్రం తీసుకురావడానికి వెళ్ళినప్పుడు ఇక దాచుకోలేకపోయాను. వ్యాను ఎక్కగానే, ఆ రోజు గేటు దగ్గర మీ కుర్చీని వెనక్కి పంపింది నేనేనండీ అనేశాను. వాళ్ళాయన చెప్పబోతుంటే చెయ్యి ఊపి పొమ్మన్నానని కూడా చెప్పాను.

"తెలుసండీ" అంది టీచరమ్మ. "ఆ రోజు ముందు సీట్లో కూర్చుని ఉన్నది నేనే. మీరు తిన్నగా డిక్కీ దగ్గరికి వెళ్ళారు."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. మరి మీరైనా పిలవొచ్చుగా అని గొణిగాను. పిలిచిందట. హారన్ల గోలలో వినబడలేదు. ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. వేరే టాక్సీలో వెళ్ళలేకపోయారా ఈ రెండు రోజులూ అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని. నాలుగింటిని ఆపారట. నలుగురూ కుర్చీ చూసి, డిక్కీలో గ్యాస్ సిలిండరు ఉందమ్మా, పట్టదు అని చెప్పి వెళ్ళిపోయారట. ఆ నాలుగు సిలిండర్లూ ఎవరు బిగించి ఉంటారో నేను అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

ఇంటికొచ్చి వదినకి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కనీసం గట్టిగా ఒక "ఊఁ" అయినా అంటుందనుకున్నాను. ఆవిడ అన్నం కలుపుకుంటున్న చెయ్యి ఆపి, "బోర్డు చదివి సరే అన్నది నేనేగా" అంది. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి గేటుకి బోర్డు లేదు. ఆవిడ దాన్ని కత్తెరతో మూడు ముక్కలు చేసి, మధ్య ముక్కని ఎవరిదో కారు కింద పొగగొట్టం వేడి గ్యాసు గొట్టానికి తగలకుండా అడ్డుగా బిగించేసింది. ఆ కారు కింద ఇప్పటికీ 'ఖాళీ చేసి' అని తిరుగుతూ ఉండాలి.

కారు షెడ్డులోనే ఉండిపోయింది, టీచరమ్మని రెండు పూటలా వ్యానులో తిప్పడం నా వంతు. సిలిండరు తీసేసి మళ్ళీ పెట్రోలుకి పోదామంటే ఉత్తర్వు ఒప్పుకోదు. సిలిండరు ఉండాలి, కుర్చీ ఉండాలి, రెండూ ఒకే డిక్కీలో. పెద్దది విప్పేసి రెండు సన్నటి సిలిండర్లు కింద పక్కపక్కన పెట్టి, పైన చెక్క వేసి, చెక్క మీద కుర్చీ పడుకోబెట్టాలని వదిన ఆలోచన. స్టెప్నీ టైరు కారు నెత్తి మీదికి ఎక్కిస్తారు. కాగితం మీద లెక్క కుదిరింది. ఎవరో అమ్మే కుర్చీ కొలతలు పుస్తకంలో చూసి ఆ ప్రకారం స్టాండు చేసింది. శుక్రవారం సాయంత్రం నేను టీచరమ్మని ఇంటికి తీసుకెళ్ళే దారిలో షెడ్డు దగ్గర ఆపి, ఆవిడని బల్ల పక్క కుర్చీలో కూర్చోబెట్టి, చక్రాల కుర్చీ డిక్కీలో పెట్టి చూశాం. మూత పడలేదు. నాలుగు వేళ్ళ మందం అడ్డొచ్చింది. తిప్పాం, బోర్లించాం, నిలబెట్టాం. నాలుగు వేళ్ళు నాలుగు వేళ్ళే.

వదిన మొహం చిన్నబోవడం నేను చూసింది అదే మొదటిసారి. టీచరమ్మ నన్ను పిలిచి, తనని డిక్కీ దగ్గరికి జరపమంది. కాసేపు అటూ ఇటూ చూసింది. తర్వాత, క్లాసులో పిల్లలతో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది.

"మొదటి రోజు నేను చెప్పేది ఒకటేనండీ. ఎవరికి కుడుతున్నారో ఆ మనిషిని కొలవకుండా కత్తెర పట్టుకోవద్దని. మీరు పుస్తకంలో కుర్చీకి కుట్టారు. నా కుర్చీకి కాదు."

నాకు చివుక్కుమంది. మా వదినని ఒకరు వేలెత్తి చూపడం నేను సహించలేను. కానీ వదిన తల ఊపింది. "మరి కొలుద్దామా?" అంది.

ఒక్కసారి కొలిస్తే సరిపోదు, స్టాండు కోసినప్పుడల్లా కుర్చీ పెట్టి చూసుకోవాలి. కానీ కుర్చీ పగలంతా టీచరమ్మ దగ్గరే ఉండాలి, కారు పగలంతా వదిన దగ్గరే ఉండాలి. దానికి టీచరమ్మే ఉపాయం చెప్పింది. శనివారం సాయంత్రం వ్యాను ఎక్కేటప్పుడు ఒక పెద్ద గోధుమరంగు కాగితం చుట్ట నా ఒళ్ళో పెట్టింది. రవికెకి కాగితం మీద నమూనా కత్తిరించుకున్నట్టు, మడిచిన కుర్చీకి నమూనా కత్తిరించింది. పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి. తోసే పిడులు ఎక్కడ వంగుతాయో, పెద్ద చక్రాలు ఏ పిన్ను లాగితే ఊడొస్తాయో, అన్నీ సుద్దతో గుర్తులు పెట్టింది. వదిన వాటిని అట్టకి అంటించి నిలబెట్టేసరికి షెడ్డులో ఒక కాగితం కుర్చీ తయారైంది. పెట్రోలాయన దాని మీద కూర్చోబోయి తిట్లు తిన్నాడు.

ఆదివారం మేమెవరం ఇంటికి అన్నానికి కూడా పోలేదు. వదిన స్టాండు కోసింది, అతికింది, మళ్ళీ కోసింది. సిలిండర్లని కొద్దిగా ఏటవాలుగా తిప్పి, వాటి మధ్య పల్లంలోకి కుర్చీ పిడులు దిగేలా చేసింది. సోమవారం మధ్యాహ్నానికి కాగితం కుర్చీ డిక్కీలో పడుకుంది, మూత పడింది. వదిన ఆ మూతని పదిసార్లు తెరిచి మూసింది. తర్వాత నురుగు గిన్నె తెచ్చుకుని కూర్చుంది. ఒక్క బుడగ కూడా లేవలేదు.

ఈలోపు నేను రోజుకి రెండు సార్లు వ్యాను తోలుతూనే ఉన్నాను. సైకిళ్ళు నన్ను దాటిపోవడం మొదలుపెట్టాయి. పొద్దున పూట టీచరమ్మ అద్దం దించమనేది, దారిలో ఒకటి రెండు సార్లు ఆపమనేది. వ్యానులో రబ్బరు వాసన ఎక్కువలే అనుకుని సీట్లు కడిగించాను. ఆవిడ నవ్వి ఊరుకుంది.

మంగళవారం నాలుగింటికి తనిఖీ అధికారి వచ్చాడు. ఒకటికి రెండు సిలిండర్లు పెట్టిన కారు ఆయన సంతకం లేనిదే రోడ్డెక్కకూడదు. కిందికి దూరి చూశాడు, పట్టీలు లాగి చూశాడు, వంకపెట్టడానికి ఏమీ దొరక్క చివరికి డిక్కీ దగ్గరికి వచ్చాడు. సామాను లోపల ఉన్నా సరే, ప్రమాదం జరిగితే చెయ్యి పెట్టి గ్యాసు కట్టేసే వీలుండాలి, ఎలా అని అడిగాడు. వదిన అట్ట కుర్చీ లోపల పెట్టి చూపించబోయింది. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి, "అట్టముక్కకి సంతకం పెట్టమంటారా?" అన్నాడు. అసలు కుర్చీ చూపిస్తే సరే, ఐదింటిదాకా ఉంటాను, ఆ తర్వాత మళ్ళీ వచ్చే వారమే అని చెప్పి నా బల్ల దగ్గర కూర్చున్నాడు.

వచ్చే వారమంటే ఇంకో ఏడు రోజులు వ్యాను. వ్యానుకి ఒకరోజు ఏమైనా అయితే ఆ మూడో రోజు కాస్తా పోతుంది. నేను తాళంచెవి అందుకుని పరిగెత్తాను. నాలుగున్నరకి క్లాసు వదిలారు. అటునుంచి వస్తున్నప్పుడు మాత్రం నిదానంగా తోలడానికి నాకు చాలా గుండె నిబ్బరం కావాల్సివచ్చింది. నా పక్కన టీచరమ్మ గడియారం చూసుకోలేదు, నేనూ చూడలేదు.

షెడ్డులోకి వచ్చేసరికి అధికారి సంచి సర్దుకుంటున్నాడు. నిదానం తన భార్యని వ్యానులోంచి ఎత్తి సొంత కారు ముందు సీట్లో కూర్చోబెట్టాడు. చక్రాల పిన్నులు లాగాడు, కుర్చీ మడిచాడు, డిక్కీలో పడుకోబెట్టాడు. పిడులు పల్లంలోకి దిగాయి. వదిన చెయ్యి పక్కనుంచి లోపలికి పోనిచ్చి గ్యాసు కట్టేసి, తిరిగి తెరిచి చూపించింది. అధికారి తన చెయ్యి కూడా పెట్టి చూశాడు. నిదానం మూత వేశాడు. టక్కుమంది. ఐదుకి ఆరు నిమిషాలు ఉండగా సంతకం పడింది. పెట్రోలాయన ముక్కు చీదుకుంటూ లోపలికి వెళ్ళాడు, దుమ్మట.

నిదానం స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అప్పుడు మా వదిన, ఇన్నేళ్ళలో ఏ కస్టమరు దగ్గరా చేయని పని చేసింది. డిక్కీ వైపు కాకుండా, చుట్టూ తిరిగి ముందు సీటు కిటికీ దగ్గరికి వెళ్ళి, టీచరమ్మ మొహానికి తన మొహం ఎదురుగా వచ్చేలా వంగింది.

"ఈ కారులో పట్టాల్సింది ఇంకేమైనా ఉందా?" అని అడిగింది.

టీచరమ్మ భర్త వైపు చూసింది. ఆయన చెవుల దాకా నవ్వుతున్నాడు. అంత నవ్వు ఆ మనిషి మొహంలో ఎప్పుడు దాచుకున్నాడో మరి.

"ఉందండీ" అంది టీచరమ్మ. "ఇంకో ఆరు నెలలకి మా ఇంటికి ఒకరు వస్తున్నారు. ఉద్యోగం ఖాయమైతేనే కాన్పుకి సెలవు ఇస్తారు. అందుకే ఈ నెలలో ఇంకొక్క రోజు కూడా పోగొట్టుకోలేకపోయాను."

ఐదు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాను. అద్దం దించమంటే దించాను, ఆపమంటే ఆపాను, సీట్లు కడిగించాను. ఇద్దరు పిల్లల తల్లిని, నాకు తట్టలేదు. చక్రాల కుర్చీ చూశాక ఇంకేమీ చూడలేదు నేను. సిగ్గేసింది, సంతోషమేసింది, ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా కొంగుతో మొహం తుడుచుకున్నాను.

వదిన మాత్రం కిటికీ దగ్గర్నించి కదల్లేదు. లెక్క వేసుకుంటున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆవిడ మొహం.

"పిల్లల్ని తోసే బండి మడిస్తే ఎంత ఉంటుంది?"

"ఇంకా కొనలేదండీ" అంది టీచరమ్మ. "ఎంత చోటు మిగిలిందో కొలిచి చెప్పండి. దానికి సరిపోయేదే కొనుక్కుంటాం."

వదిన చెయ్యి చాచింది. టీచరమ్మ సంచిలోంచి తన టేపు తీసి ఆ చేతిలో పెట్టింది. వదిన వెనక్కి వెళ్ళి డిక్కీ మళ్ళీ తెరిచింది. నేను ఇంకో కొస పట్టుకున్నాను.